కోదాడలో తీసిన రక్తం

లాబ్ టెక్నీషియన్ కోర్సు చదివే పిల్లలకు నాలుగు మాటలు చెప్పమని ఆ మధ్య ఒక కాలేజీ వాళ్లు పిలిస్తే పోయాను. అక్కడి ప్రిన్సిపాల్ నన్ను పరిచయం చేస్తూ, పదమూడేళ్ల నౌకరీలో ఒక్క రిపోర్టు కూడా తప్పు పోనీయని మనిషి అన్నాడు. ఆయనకెవరు చెప్పారో తెలియదు. మైకు చేతికి రాగానే ఆ మాట దిద్దుదామనుకున్నాను. పిల్లలేమో అప్పటికే వరండాలో సర్దుతున్న సమోసాల దిక్కు చూస్తున్నారు. చేతులు కడుక్కోవడం గురించీ గ్లౌజుల గురించీ ఏదో చెప్పి దిగిపోయాను. ఆ రోజు దిద్దనిది ఇప్పుడు రాస్తున్నాను. రిపోర్టు తప్పు పోలేదు, ఆ మాట నిజమే. అంకె కూడా తేడా లేకుండా వచ్చిన రిపోర్టే ఒక మనిషిని చావు గుమ్మం దాకా తీసుకుపోయింది. పిల్లలూ, మీకు కోర్సులో ఇది చెప్పరు, అందుకని నేను చెబుతున్నాను.

నేను బీఎస్సీ చదివి, లాబ్ డిప్లొమా చేసి, రెండువేల ఒకటిలో సూర్యాపేటలో ఒక ప్రైవేటు దవాఖానలో చేరాను. ఇల్లు మిర్యాలగూడలో. రోజూ బస్సులో రానుపోను. పద్నాలుగులో మెడ పట్టేసి, మైక్రోస్కోపు మీదికి వంగలేక మానేశాను. దవాఖాన యజమాని సర్జన్, అందరం పెద్దసారు అనేవాళ్లం. నా నోరు మంచిది కాదని ఆయన మొదటి నెలలోనే కనిపెట్టాడు. అయినా ఉంచుకున్నాడు, ఎందుకంటే ఎంత ఎండిపోయిన చేతికైనా నాకు నరం దొరుకుతుంది. పై అంతస్తు వార్డులో సిస్టర్లు రెండుసార్లు పొడిచి, మూడోసారికి నన్ను పిలిచేవాళ్లు. నేను పోయి ముందు వాళ్లను తిట్టి, తర్వాత సూది పెట్టేదాన్ని.

కోదాడలో, మిర్యాలగూడలో మాకు చెరొక కలెక్షన్ సెంటరు ఉండేది. సెంటరంటే ఒక గది, ఒక కుర్చీ, ఒక ఫ్రిజ్జు, ఒక మనిషి. అక్కడ రక్తం తీసి, ట్యూబు మీద పేరు రాసి బస్సులో మాకు పంపుతారు. మిర్యాలగూడ సెంటర్లో ఉన్నామె ఎవరొచ్చినా పేరు, తండ్రి పేరు, ఊరు మూడూ వాళ్ల నోటితోనే చెప్పించుకునేది. రక్తం తీస్తున్నవా, ఓటు వేయిస్తున్నవా అని నేనే ఎక్కిరించేదాన్ని. కోదాడ సెంటర్లో ఉన్నాయన పాత కాంపౌండరు, నాకంటే ఇరవై ఏళ్లు పెద్ద. ఆంధ్ర మాట, మెత్తటి మనిషి. ఎంత అరిచినా "అలాగేనండీ మేడమ్ గారూ" అనేవాడు. అందుకే ఆయన మీద ఇంకా ఎక్కువ అరిచేదాన్ని. ఆయన ఎవరినీ పేరు అడిగేవాడు కాదు. చీటీ పట్టుకొని కుర్చీలో కూర్చున్నవాడే పేషెంటు. ఆయనను అనడానికి కూడా లేదు, మా దిక్కు అలవాటే అంత. అత్త కఫం డబ్బా కోడలు తెస్తుంది, తండ్రి మూత్రం సీసా కొడుకు తెస్తాడు, జబ్బు మనిషి మంచం మీద ఉంటాడు. దవాఖానకు ఇంట్లో ఎవరి చేతిలో పని లేకుంటే వాళ్లొస్తారు.

సోమవారం సోమవారం హైదరాబాదు నుంచి ఒక క్యాన్సర్ డాక్టరు వచ్చేవాడు. మాకు ఆయన సోమవారం డాక్టరు. పొద్దున చూసి, ఎవరికి ఏ మందు ఎన్ని రోజులు ఎక్కించాలో రాసిపెట్టి సాయంత్రానికి వెళ్లిపోయేవాడు. మిగిలిన రోజులు సిస్టర్లు ఆ కాగితం ప్రకారం ఎక్కించేవాళ్లు. హైదరాబాదు పోలేనివాళ్లకు అదే పదివేలు.

ఒక సోమవారం మోతె దిక్కు నుంచి అన్నదమ్ములు ఇద్దరు వచ్చారు. గొర్రెల మందలున్న కుటుంబం, కొంత పొలం కూడా ఉంది. నిజానికి ముగ్గురు అన్నదమ్ములు. పెద్దాయన మూడేళ్ల కింద పేగు క్యాన్సరుతో హైదరాబాదులో చనిపోయాడు. ఇప్పుడు నడిపాయనకు అదే జబ్బు. ఆపరేషన్ అయింది, గడ్డ తీసేశారు, మళ్లీ రాకుండా మందు ఎక్కించుకోవాలి. ఆయన ససేమిరా అంటున్నాడు. చిన్నాయన బతిమాలి, చెయ్యి పట్టుకొని తీసుకొచ్చాడు.

నడిపాయన మొండితనానికి కారణం ఉంది. పెద్దాయనకు కూడా ఆపరేషన్ మంచిగనే అయిందట. ఐదు రోజులు మందు ఎక్కించారట. వారం తిరగకుండా నోరంతా పుండ్లు, నీళ్ల విరేచనాలు, ఆగని జ్వరం. ఇరవై రోజులకు మనిషి పోయాడు. ఇన్ఫెక్షన్ అని దవాఖాన వాళ్లు చెప్పారు. మందే చంపిందని ఇంటివాళ్లు అనుకున్నారు. సోమవారం డాక్టరు కలం పక్కన పెట్టి విన్నాడు. నోట్లో పుండ్లు ఎన్నో రోజుకు వచ్చినయ్, విరేచనాలు ముందా జ్వరం ముందా అని అడిగి అడిగి విన్నాడు. చివరికి, ఇంటివాళ్లు అనుకున్నదే నిజం కావచ్చు అన్నాడు.

ఆయన చెప్పింది నాకు తెలిసిన మాటల్లో చెబుతాను. ఆ మందు కణాలను చంపే విషం. మన కాలేయంలో ఒక ఎంజైము ఉంటుంది, పని అయిపోగానే ఆ విషాన్ని విరగ్గొట్టి బయటికి పంపేది అదే. కొందరికి పుట్టుకతోనే అది సగమే ఉంటుంది, అరుదుగా కొందరికి అసలే ఉండదు. వాళ్లకు మామూలు డోసు ఇస్తే మందు ఒంట్లోనే నిలబడి నోరు, పేగులు, ఎముకల్లోని మూలుగ అన్నింటినీ కొట్టేస్తుంది. ఆ లోపం అమ్మానాన్నల నుంచి వస్తుంది కాబట్టి అన్నకుంటే తమ్ముడికీ ఉండొచ్చు, లేకపోవచ్చు కూడా. రక్తంలో జన్యువును చూసి చెప్పే పరీక్ష అప్పట్లో బొంబాయిలో చేస్తున్నారు. మా దగ్గర ఆ పేరు విన్నవాళ్లే లేరు. రిపోర్టుకు రెండు వారాలు. ముందు ఆ పరీక్ష చేసి తర్వాతే మందు అని రాసి, బయట ఇంకా ముప్పై మంది ఉన్నారని, ఒప్పించే పని నా మీద పడేశాడు.

నడిపాయన వరండాలో గోడకు ఆనుకొని కూర్చున్నాడు. యాభై దాటిన మనిషి, ఆపరేషన్‌తో సగమైపోయాడు. ఉన్నన్ని రోజులు ఉంటా, మందు వద్దు అన్నాడు. నేనేం చెప్పానో నాకు బాగా గుర్తుంది.

"మీ అన్నకు సూడకుండ ఇచ్చిండ్రు. నీకు సూసి ఇస్తరు. పరీక్ష మంచిగొస్తే ఆ మందు నిన్నేం చెయ్యది. నాది పూచీ."

సోమవారం డాక్టరు ఆ మాట అనలేదు. మంచిగొస్తే భయం చాలావరకు తగ్గుతుంది అన్నాడు, అంతే. ఆ "చాలావరకు" నేను కోసేశాను. బేరమాడే మనిషి ముందు అలాంటి మాట పెడితే పని కాదని నా తెలివి. ఆయన అప్పటికప్పుడు ఒప్పుకోలేదు. కోదాడలో చెల్లెలి ఇంట్లో నాలుగు రోజులుండి ఆలోచిస్తానని పోయాడు.

వారానికి చిన్నాయన ఒక్కడే వచ్చాడు. అన్న ఒప్పుకున్నాడు, కానీ కోదాడ నుంచి సూర్యాపేట దాకా బస్సులో కూర్చునే సత్తువ లేదు. కోదాడ సెంటర్లోనే తీయించుకోమని చీటీ రాసిచ్చాను. డెంగీ జ్వరాల కాలం, కౌంటరు ముందు జనం మీద జనం, మధ్యాహ్నం రెండయినా నేను అన్నం తినలేదు. చిన్నాయన కదలడు. పరగడుపున తియ్యాలా అన్నాడు. మాత్రలు ఆపాలా అన్నాడు. అన్నకు రక్తం తక్కువుంది, నెలాగి తీస్తే ఏమన్నా ఫరక్ వస్తదా అన్నాడు. చిన్నాయనకు అన్నీ అడిగి తెలుసుకునే గుణం ఉంది. నాకు అలాంటివాళ్లంటే ఇష్టం, ఆకలి లేనప్పుడు.

"ఇది షుగర్ పరీక్ష కాదయ్యా, తింటె ఒక తీరు తినకుంటె ఒక తీరు రానీకి," అన్నాను. "తల్లిదండ్రి దిక్కు నుంచి వచ్చేది. మీ పెద్దన్న రక్తంల ఉన్నది మీ ఇంట్ల ఉన్నదా లేదా అని సూస్తరు. పుట్టినప్పుడు ఎట్లుంటదో సచ్చేదాంక అట్లనే ఉంటది. ఇగ పోయి తీపియ్యి, పో."

చీటీ మడిచి అంగీ జేబులో పెట్టుకొని, దండం పెట్టి పోయాడు. జన్యుశాస్త్రం ఇంత సులువుగా ఎవరు చెబుతారని లోపల కొంచెం గర్వపడ్డాను కూడా.

రెండు వారాలకు రిపోర్టు వచ్చింది. ఏ లోపమూ లేదు. నేనే ఫోను చేసి చెప్పాను. ఫోనులో నడిపాయన భార్య ఏడ్చింది, సంతోషంతో. సోమవారం పొద్దున్నే అన్నదమ్ములిద్దరూ, ఆమే కలిసి వచ్చారు. డాక్టరు రిపోర్టు చూసి మామూలు డోసు రాశాడు. ఐదు రోజులు వరుసగా. సోమవారం ఎక్కింది, మంగళవారం ఎక్కింది. మామూలు పరీక్షలకు కావలసిన రక్తం సిస్టర్ సూది పెట్టేటప్పుడే తీసి కిందికి పంపింది కాబట్టి నేను పైకి పోయే అవసరం రాలేదు.

బుధవారం పొద్దున చెయ్యి వాచి సూది ఊడింది. సిస్టర్ రెండుసార్లు పొడిచి నన్ను పిలిచింది. పోయేసరికి నడిపాయన హుషారుగానే ఉన్నాడు. కొంచెం కడుపులో తిప్పడం తప్ప ఏం కాలేదట. నేను చెయ్యి తట్టి తట్టి వెతుకుతుంటే నవ్వాడు. గొర్రెకైతే మెడ కాడ ఉన్ని జరిపితే నరం దొరుకుతది, మనిషికి ఆ సౌలత్ లేకపాయె అన్నాడు. చిన్నాయన కిటికీ దగ్గర నిలబడి ఫ్లాస్కులోంచి వదినకు చాయ్ పోస్తున్నాడు. నేను రబ్బరు పట్టీ బిగించి, మాటల్లో పెట్టడానికి అడిగాను.

"కోదాడల ఏ చేతికి తీసిండ్రు? ఆడ దొరికిందంటె ఈడ గూడ దొరుకుతది."

"కోదాడల నాకెక్కడ తీసిండ్రు? మా చిన్నోడే ఇచ్చిండు గదా."

"ఏమిచ్చిండు?"

"రక్తం. నాకు తక్కువున్నదని. ఒక్క తల్లి కడుపుల పుట్టినోళ్లం, ఎవరిదైతేంది అని ఆడే పోయి ఇచ్చొచ్చిండు. మంచిగనే వచ్చింది గద బిడ్డా."

కిటికీ దగ్గర చిన్నాయన తల వంచుకున్నాడు, ఎవరైనా పొగిడితే సిగ్గుపడే మనిషిలాగా.

నేను రబ్బరు పట్టీ విప్పాను. దొరకలేదా మేడం అంది సిస్టర్. దొరికింది, పెట్టను అన్నాను. ఏమైందో రెండు ముక్కల్లో చెప్పాను. ఆమె ముఖం పాలిపోయింది కానీ, డాక్టరు రాసిన మందు మనమెట్ల ఆపుతం అని పెద్దసారును పిలిచింది. ఆమె తప్పు లేదు. ఆమె కాగితం ప్రకారం పోయే మనిషి.

పెద్దసారు వచ్చాడు. రిపోర్టు నార్మల్ ఉంది గదమ్మా అన్నాడు. నార్మలే సార్, వాళ్ల తమ్మునికి అన్నాను. ఆ లోపం ఎక్కడో ఒకరికుంటది, రెండు రోజులు మంచిగనే పడ్డది, మధ్యలో ఆపితే వైద్యం చెడుతది అన్నాడు. పెద్దాయనకు ఐదు రోజులు మంచిగనే పడ్డది సార్, తర్వాతనే పోయిండు అన్నాను. ఇది లాబ్ పని కాదు, సూది పెట్టి కిందికి పో అన్నాడు.

"నేను పెట్ట," అన్నాను.

ఆయన తనే కూర్చున్నాడు. కడుపులు కోసే చేతులు, ఎండిన నరాల అలవాటు ఎప్పుడో తప్పింది. రెండుసార్లు పొడిచాడు. నడిపాయన కిక్కురుమనలేదు. రెండోసారి తర్వాత మాత్రం, మీ ఇద్దరి పంచాయితీ తెగినంక పిలువున్రి సార్, అప్పటిదాంక చెయ్యి దాసుకుంట అన్నాడు. వార్డులో ఎవరో నవ్వారు. పెద్దసారు లేచి వెళ్లిపోయాడు. దానికి నా వాదన కారణమని నేనెప్పుడూ చెప్పుకోలేదు. నరం దొరికుంటే ఆయన ఎక్కించేవాడే.

సోమవారం డాక్టరు ఫోను పదకొండున్నరకు గానీ ఎత్తలేదు. నేను చెప్పింది అంతా విని, ఎన్ని డోసులు పోయినయ్ అని ఒక్కటే అడిగాడు. రెండు అన్నాను. ఆయన గదిలో ఎవరో కుర్చీ జరిపిన చప్పుడు వినబడింది. తర్వాత చెప్పాడు. ఆపెయ్యండి. పోయినదాన్ని వెనక్కి తీసే మందు మన దగ్గర లేదు, కాపలా కాయడమే. ఇప్పుడే మళ్లీ రక్తం తీసి బొంబాయికి పంపండి. "మీరే తీయండి," అన్నాడు. ఆ మాట గట్టిగా అనలేదు కానీ తగలాల్సిన చోట తగిలింది.

పైకి పోయి, పొద్దున వదిలేసిన ఆ నరం నుంచే తీశాను.

కిందికొచ్చి కోదాడకు ఫోను చేశాను. తిట్టడానికే చేశాను. ఆయన అన్నీ విని, ఆ రోజు జరిగింది జరిగినట్టు చెప్పాడు. చీటీ పట్టుకొని వచ్చి కూర్చున్నాడండీ, నేను పేషెంటే అనుకున్నానండీ అన్నాడు. మళ్లీ అదే మెత్తటి గొంతుతో అడిగాడు.

"తీస్తుంటే ఆయనే చెప్పాడండీ, ఇది ఇంటిల్లిపాదికీ ఒకటే ఉండే రక్తమంట, మేడమ్ గారు చెప్పారు అని. నాకు కొత్త పరీక్ష కదండీ, అలాంటిదేమో అనుకున్నాను. మీరు అలా చెప్పలేదాండీ?"

చెప్పలేదు. అలా చెప్పలేదు. కానీ ఏం చెప్పానో ఒక్కొక్క మాటే గుర్తు చేసుకుంటుంటే, అన్న రక్తం ఒలకకూడదని వెతుక్కునే తమ్ముడికి అందులో కావలసినదంతా ఉంది. ఎవరి రక్తం తీయాలో ఒక్క ముక్క నేను అనలేదు. అది కూడా చెప్పాలా అనుకున్నాను. నా జీవితంలో మొదటిసారి ఆయనతో పోట్లాడకుండా ఫోను పెట్టేశాను.

ఆ సాయంత్రం పెద్దసారు కేసు షీటు ముందు పెట్టాడు. పేషెంటు తమ్ముడు విషయం దాచి, పేషెంటు పేరు మీద తన రక్తం ఇచ్చాడని రాసి ఉంది. లాబ్ ఇన్‌ఛార్జిగా కింద నేను సంతకం పెట్టాలి. బస్సులో సీటు మీద కర్చీఫు వేసినవాళ్లతో కూడా సూర్యాపేట వచ్చేదాకా వాదించేదాన్ని నేను. ఆ కాగితం రెండుసార్లు చదివి, నోరు మూసుకొని సంతకం పెట్టాను.

తర్వాత జరిగినదంతా పెద్దాయన కథలాగే మొదలైంది. శుక్రవారానికి నాలుక మీద పొర లేచింది. ఆదివారానికి నోరంతా పచ్చి పుండు, మంచినీళ్లు మింగాలన్నా కళ్ల వెంట నీళ్లు. తర్వాత విరేచనాలు. హైదరాబాదు తీసుకుపొమ్మంటే ఇంటివాళ్లు ఒప్పుకోలేదు. పెద్దాయన అక్కడే పోయాడు మరి. సోమవారం డాక్టరు ఫోనులో చెప్పినట్టల్లా యాంటీబయాటిక్స్, సెలైన్లు, తెల్ల కణాలు పెరిగే ఇంజెక్షన్లు. ఆయనను విడిగా ఒక గదిలో పెట్టి, భార్యను తప్ప ఎవరినీ రానియ్యలేదు.

నా పని రోజూ పొద్దున తెల్ల కణాలు లెక్కపెట్టడం. అవి మనిషికి కాపలాదార్లు. మొదటి రోజు నాలుగు వేల పైన ఉన్నాయి. తర్వాత మూడు వేలు, పదిహేను వందలు. రెండో వారంలో ఒక పొద్దున మెషీన్ నాలుగు వందలు చూపింది. నమ్మక, స్లైడు పెట్టి నేనే చూశాను. మామూలుగా మైక్రోస్కోపులోకి ఒక్క చూపు చూస్తే రెండు మూడు కనబడతాయి. ఆ పొద్దున ఎంత జరిపి చూసినా ఒకటి దొరకడమే కష్టంగా ఉంది. పిల్లలూ, లెక్క సరిగ్గా చేయడం మీకు నేర్పుతారు. ఆ లెక్క తక్కువ రావడానికి నువ్వే కారణమైనప్పుడు మూడోసారి నాలుగోసారి కూడా లెక్కపెడతావు. అంకె మారదు.

చిన్నాయన మెట్ల మీదే ఉండేవాడు. పైకి రానిచ్చేవాళ్లు కాదు, ఇంటికి పొమ్మన్నా పోడు. కోదాడ నుంచి వచ్చిన చెల్లెలు వరండాలో అందరి ముందు ఆయనను కడిగేసింది. "పెద్దోన్ని మందు సంపింది, నడిపోన్ని నువ్వు సంపుతున్నవ్," అంది. ఆయన అప్పుడు నా దిక్కు చూస్తాడేమో అనుకున్నాను. లాబ్ గ్లాసు కిటికీ అవతల నేను నిలబడే ఉన్నాను. చూడలేదు. మేడం గిట్ల చెప్పింది అని ఒక్కసారి కూడా అనలేదు. నా మీద దయతో కాదు. తను సరిగా వినలేదని ఆయన నిజంగానే నమ్మాడు.

అంకె నాలుగు వందలకు పడిన ఆ రోజునే నేను పైకి పోయి నడిపాయన భార్యను గది బయటికి పిలిచాను. ఆమె చేతిలో పలుచటి మజ్జిగ గిన్నె, చెంచా. మీ మరిది తప్పుగా వినలేదమ్మా, నేనే తప్పుగా చెప్పిన అన్నాను. ఏం చెప్పానో చెప్పాను. సంతకం సంగతి కూడా చెప్పాను. తిడుతుందని కాచుకున్నాను. తిడితే నాకు తేలికయ్యేది. ఆమె గిన్నెలోకే చూస్తూ అడిగింది.

"సంతకం పెట్టేటప్పుడు ఎందుకు చెప్పకపోతివి?"

"భయమయింది."

"నీకు గూడనా," అని, గిన్నెతో గబగబా లోపలికి పోయింది.

నేను కిందికి దిగి, కేసు షీటు తెప్పించి, నా సంతకం కింద మూడు వాక్యాలు రాశాను. పేషెంటు స్వయంగా రావాలని నేను చెప్పలేదు, తమ్ముడు ఏదీ దాచలేదు, మా సెంటర్లో పేరు అడిగే పద్ధతి లేదు. పెద్దసారు నెల రోజులు నాతో మాట్లాడలేదు. దవాఖాన ఆ నెల చాలా ప్రశాంతంగా ఉంది. అయితే ఆ మూడు వాక్యాలు చెల్లెలి చెవిలో పడ్డాయా, పడినా ఆమె నమ్మిందా అనేది నాకు తెలియదు. వరండాలో అన్నంత గట్టిగా ఎవరూ కేసు షీటు చదవరు.

తర్వాత మూడు రోజులు అంకె అక్కడక్కడే తిరిగింది. నాలుగో రోజు ఏడు వందలు. మర్నాడు పన్నెండు వందలు. జ్వరం దిగింది. నడిపాయన జొన్న గట్క జావలా చేసి ఇమ్మన్నాడు. బొంబాయి రిపోర్టు ఆ వారమే వచ్చింది. అమ్మానాన్నల నుంచి వచ్చిన రెండు జన్యువుల్లో ఒకటి చెడింది, ఎంజైము సగమే. సోమవారం డాక్టరు ఆ కాగితం చదివి, ఐదు రోజులూ పోయుంటే అని మొదలుపెట్టి, మాట అక్కడే ఆపేశాడు.

ఇప్పుడు అసలు ప్రశ్న. లోపం ఏమిటో తెలిసింది కాబట్టి, సగం డోసుతో కాచుకుంటూ మందు ఇవ్వొచ్చు. ఇవ్వకపోతే జబ్బు మళ్లీ రావచ్చు. డాక్టరు కుర్చీ మంచం పక్కకు జరుపుకొని, ఓపికగా, ఈసారి తనే చెప్పాడు. నడిపాయన మొత్తం విన్నాడు. నేను గుమ్మంలో ఉన్నాను.

"మీరు చెప్పెదాంట్ల తప్పు లేదు సార్," అన్నాడు. "ఆ బిడ్డ చెప్పినప్పుడు గూడ నాకు తప్పు కనపడలేదు. ఇగ నేను గొర్ల కాడికి పోత."

భార్య నా దిక్కు చూసింది. డాక్టరు కూడా చూశాడు. అంత వాదించే మనిషివి, ఒక మాట అను అన్నట్టుగా. అంతకు ముందు ఎన్ని పనికిరాని వాదనలు గెలిచానో లెక్క లేదు. అప్పుడు మాత్రం నోరు పెగల్లేదు. ఏ ముఖంతో చెప్పాలి? ఇప్పుడు ఆలోచిస్తే, ముఖం లేకపోయినా చెప్పాల్సింది. పడరాని మాట పడి, కాళ్లు పట్టుకొని అయినా చెప్పాల్సింది. నాకు సిగ్గు ముఖ్యమయింది.

తర్వాత మా దగ్గర పద్ధతి మారింది. కోదాడ కాంపౌండరు ప్రతి ఒక్కరినీ పేరు, తండ్రి పేరు, ఊరు అడగడం మొదలుపెట్టాడు. రోజూ ఇంటి ముందు నుంచి పోయే పోస్ట్‌మ్యాన్‌ను కూడా అడిగాడని జనం నవ్వుకున్నారు. మిర్యాలగూడ ఆమె దగ్గరికి పోయి, నీదే సరైన పద్ధతి అని చెప్పి వచ్చాను. ఎప్పటి సంగతి అంది. ఆమెకు నా ఎక్కిరింపులు గుర్తే లేవు.

ఏడాదిన్నర తర్వాత చిన్నాయన లాబ్‌కు వచ్చాడు. జబ్బు కాలేయానికి పాకి నడిపాయన పోయాడని, దినాలు కూడా అయినాయని చెప్పాడు. నేను కుర్చీ చూపించాను, కూర్చోలేదు. కౌంటరు మీద రెండు చేతులూ పెట్టి నిలబడ్డాడు.

"సగం మందు ఏసుకుంటె బతికెటోడా మేడం?"

బతికెటోడు అంటే ఆయన మోయలేడు. బతకకపోయెటోడు అంటే అబద్ధం. తెల్వదయ్యా అన్నాను. ఎవరికీ తెల్వదు, బతికే మోకా ఎక్కువుండేది, అంతవరకే చెప్పగలుగుత అన్నాను. ఆయన తలూపాడు. ఆ జవాబు కోసమే వచ్చాడో, వేరే జవాబు కోసం వచ్చాడో ముఖంలో ఏమీ తెలియలేదు.

ఆయన వచ్చిన పని అది కాదట. పెద్దాయన పిల్లలు ముగ్గురు, నడిపాయన పిల్లలు ఇద్దరు, చెల్లెలు, ఆమె పిల్లలు. రేపు వాళ్లలో ఎవరికి ఇదే జబ్బొచ్చి ఎక్కడి దవాఖానకు పోతారో, అక్కడ ఎవరుంటారో తెలియదు. చూపించడానికి ఒక కాగితం రాసిమ్మన్నాడు. లెటర్‌హెడ్ మీద రాశాను. మందు పేరు ఇంగ్లీషులోనూ తెలుగులోనూ రాసి, ఈ కుటుంబంలో ఒకరికి ఈ లోపం పరీక్షలో తేలింది, ఇంకొకరు ఇదే మందుతో పోయారు, కాబట్టి ఈ మందు ఇచ్చే ముందు తప్పక రక్తంలో జన్యు పరీక్ష చేయించాలి అని రాసి, నడిపాయన రిపోర్టు నకలు దానికి గుచ్చాను. చదివి వినిపించమన్నాడు. వినిపించాను. ఇంకోసారి అన్నాడు. ఇంకోసారి చదివాను.

"ఎవరికి మందు ఎక్కిస్తరో వాళ్ల రక్తమే తియ్యాలె అని గూడ రాయి," అన్నాడు.

దవాఖానోళ్లకు అది తెల్సే ఉంటది గదయ్యా అన్నాను.

"ఇంట్లోళ్లకు రాయి మేడం. నాకు తెల్వకపాయె గదా."

తెలుగులో, పెద్ద అక్షరాలతో రాశాను.